గుప్పెడు బియ్యం కోటు

ఆ కోర్టు ఏ ఊళ్ళోదని అడక్కండి. మార్చి నెలలో మిరపకాయల ఘాటు కిటికీల్లోంచి లోపలికొచ్చే కోర్టు అనుకోండి, చాలు. ఆ నెల్లాళ్ళూ అక్కడ జడ్జిగారి దగ్గర్నుంచి బంట్రోతు దాకా అందరూ తుమ్ముతూనే ఉంటారు. రెబ్కా మాత్రం తుమ్మదు. పుట్టి పెరిగింది మిరప కల్లాల పక్కనే కదా, ఆ ఘాటు ఆమెకు మామూలు గాలే.

ఆ సోమవారం పొద్దున రెబ్కా కోర్టు వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూనే ఉంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. మెడ దగ్గర తెల్ల బ్యాండ్లు సరిచేసుకుంటుంది, రెండు అడుగులు వేసి మళ్ళీ సరిచేసుకుంటుంది. లాయరై అయిదేళ్ళు. ఈ అయిదేళ్ళలో మొట్టమొదటిసారి ఇవాళ తను క్రాస్ చెయ్యబోతోంది. అంటే అవతలి పక్షం సాక్షి బోనులో ఉండగా, లేచి నిలబడి ప్రశ్నలడగడం. క్రిమినల్ లాయరుకి అసలు పని అదే. మిగతాదంతా కాగితాలు మొయ్యడమే.

ఆ కాగితాలు మోసిందంతా బాపయ్యగారి ఆఫీసులో. బాపయ్యగారు ఆ చుట్టుపక్కల పేరున్న లాయరు. చెడ్డవాడేం కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే రెబ్కా ఎప్పుడో ఫైళ్ళు ఆయన బల్ల మీద పడేసి పోయుండేది. ‘అమ్మాయ్’ అని తప్ప పిలవడు, గొంతు పెంచడు, క్రిస్మస్‌కి అడక్కుండానే సెలవిస్తాడు. పని మాత్రం ఇవ్వడు. వాయిదా పుచ్చుకురావాలంటే రెబ్కా, జిరాక్సులకి రెబ్కా, ఏడుస్తూ వచ్చిన క్లయింటు భార్యని ఓదార్చాలంటే రెబ్కా. క్రాస్ అనేసరికి మాత్రం త్రినాథ్. ఈ త్రినాథ్ ఆమె తర్వాత రెండేళ్ళకి చేరిన కుర్ర లాయరు, సాక్షి పేరు కూడా తప్పు చదువుతాడు. అదేమిటంటే, క్రాస్‌లో గొంతు లేవాలమ్మా, ఆడపిల్లవి, నీకెందుకా రొష్టు అనేవాడు బాపయ్యగారు. రెబ్కా గొంతు సంగతి ఆయనకేం తెలుసు! చర్చిలో కరెంటు పోయి మైకు ఆగిపోతే వాక్యం చదవడానికి ఆమెనే లేపేవారు.

ఇక వచ్చేపోయేవాళ్ళు. ఆఫీసులో అడుగుపెట్టిన ప్రతివాడూ ఆమె బల్ల ముందు నిలబడి సారు లేరా అంటాడు. నల్లకోటు వేసుకుని హాల్లోకి పోతే, సాక్షులు బయట కూర్చోవాలని బంట్రోతు చెయ్యి చూపిస్తాడు. పేరు అడుగుతారు, పేరు వినగానే ఏదో అర్థమైనట్టు తలాడిస్తారు. ఊరు అడుగుతారు, ఆ ఊళ్ళో ఎటువైపు అని అడుగుతారు. ఎటువైపో చెప్పాక ఇంక ప్రశ్నలుండవు.

ఆఫీసు బాపయ్యగారి ఇంటి ముందు గదిలోనే. లోపల్నుంచి ఆయన భార్య సుబ్బరావమ్మగారు కాఫీ పంపేది. త్రినాథ్‌కి స్టీలు గ్లాసు, రెబ్కాకి కాగితం కప్పు. కరోనా రోజుల్లో అందరికీ కాగితం కప్పులే వచ్చేవి. కరోనా పోయింది, అందరి గ్లాసులూ తిరిగొచ్చాయి, రెబ్కా కప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమెకు ఒళ్ళు మండేది. మండినా తాగేది. తాగకపోతే పొగరంటారు.

అలాంటిది పోయిన శుక్రవారం బాపయ్యగారు పిలిచి, సోమవారం సఫూరా అనే ఆవిడ క్రాస్ నువ్వే చేస్తున్నావమ్మా అన్నాడు. రెబ్కాకి కాళ్ళు నేల మీద ఆనలేదు. వీధిలోకి పరిగెత్తి, పొదిలి దగ్గర పల్లెలో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పేసింది. ఆ తర్వాత గాని లోపలికొచ్చి ఫైలు విప్పలేదు.

కేసు ఇదీ. సఫూరా మిరపకాయల కోతకి పోయే మనిషి. ఓ మధ్యాహ్నం కల్లంలో దాహమేసి, రైతు ఇంటివాళ్ళ కోసం పెట్టుకున్న ఫిల్టరు నీళ్ళ క్యాను మీది గ్లాసు తీసుకుని తాగింది. రైతు చూశాడు. జుట్టు పట్టుకుని ఎండు మిరపకాయల మీద ఈడ్చాడు, కులం పేరు పెట్టి తిట్టాడు. అదీ తోటి కూలీలందరి ముందూ. సఫూరా పోలీసు స్టేషను మెట్లెక్కింది, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసయింది. ఆ రైతు తరఫు లాయరు బాపయ్యగారు. అంటే రెబ్కా కూడా. వకాల్తా మీద ఆమె సంతకమూ ఉంది. సంతకాల దగ్గర ఆమెకు ఎప్పుడూ లోటు చెయ్యలేదు లెండి.

అడగాల్సింది ఒక్కటేనమ్మా, అన్నాడు బాపయ్యగారు. బాప్తిస్మం తీసుకున్నావా, ఆదివారాలు చర్చికి పోతావా అని అడుగు. ఆవిడ అవునంటుంది. నువ్వు కూర్చో. అంతే.

లా చదివినవాళ్ళకి దీని లోతు తెలుసు, చదవనివాళ్ళకి చెప్పాలి. క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళు, మాలలైనా మాదిగలైనా, కాగితాల్లో ఎస్సీల కింద చెల్లరు. ఎస్సీ కాకపోతే ఆ చట్టం అండ ఉండదు. తిట్టేవాడికి మాత్రం ఈ తేడా ఏమీ లేదు, వాడెప్పుడూ బాప్తిస్మం కాగితం చూసి తిట్టడు. అందుకని ఆ పల్లెల్లో అందరి సర్టిఫికెట్లలోనూ హిందూ అని ఉంటుంది, అందరి ఆదివారాలూ చర్చిలో ఉంటాయి. ఊళ్ళో అందరికీ తెలుసు, ఆఫీసుల్లో తెలుసు, బాపయ్యగారికీ తెలుసు. రెబ్కాకి మరీ బాగా తెలుసు. ఆమెకు లా సీటు వచ్చింది అలాంటి సర్టిఫికెట్ మీదే.

అది మీరే అడగొచ్చు కదా సార్, అంది రెబ్కా.

బాపయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నేనడిగితే ఒకరకంగా ఉంటుందమ్మా, నువ్వడిగితే ఒకరకంగా ఉంటుంది. నేనడిగితే రేపు పేపర్లో రాస్తారు. నువ్వు వాళ్ళ పిల్లవి. ఆవిడ నీకైతే అబద్ధం చెప్పదు.”

అదీ సంగతి. అయిదేళ్ళపాటు ఏది చూసి పని ఇవ్వలేదో, ఇప్పుడు అదే చూసి పనిచ్చాడు. ఆడపిల్ల గొంతు లేవదన్న మనిషికి ఇప్పుడు లేవని గొంతే కావలసి వచ్చింది.

శని, ఆదివారాలు రెబ్కాకి అన్నం సహించలేదు. తనతో తనే వాదించుకుంది. లాయరన్నాక ఎవరి కేసైనా పట్టాలి. త్రినాథ్ తాగి మనిషిని గుద్దేసినవాడి తరఫున వాదించి, సాయంత్రం శుభ్రంగా బిర్యానీ తింటాడు, వాణ్ణి ఎవరూ నిలదియ్యరే! నాకొక్కదానికేనా ఈ పట్టింపులన్నీ? నేను అడక్కపోతే సారు అడుగుతాడు, జవాబేమన్నా మారుతుందా? ఇవాళ కాదంటే ఇంకో అయిదేళ్ళు జిరాక్సు మిషన్ పక్కనే. ఇలా ఒక్కొక్క మాటా పేర్చుకుని, ఆదివారం సాయంత్రానికి అడగాలనే తేల్చుకుంది. తేల్చుకున్నాక కూడా మనసు కుదుటపడలేదు. పొద్దున్నుంచీ వరండాలో ఆ నడకంతా అందుకే.

నడుస్తుంటే వెనకనుంచి ఎవరో కోటు చెయ్యి పట్టుకున్నారు.

నలభై దాటిన ఆడమనిషి. బూడిద రంగు చీర, నెత్తిన పండగలకి తీసే తెల్ల ముసుగు. వేళ్ళ కొసలు ఎర్రగా పగిలి ఉన్నాయి, కోతల కాలంలో ఆ చేతులు అలాగే ఉంటాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“ఏం రెబ్కమ్మా, గుర్తుపట్టలా? నేను సఫూరాని. నతానియేలు భార్యని. నీకు కోటిచ్చినరోజు శాలువా కప్పింది నేనేగా.”

కోటిచ్చిన రోజు రెబ్కాకెందుకు గుర్తుండదు! ఆ చుట్టుపక్కల పల్లెల్లోని చర్చిల ఆడవాళ్ళకి ఓ అలవాటుంది. పూటపూటా అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఓ గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. ఇంట్లో గంజి తాగే రోజైనా సరే ఆ గుప్పెడు తియ్యక మానరు. నెలాఖరున ఆ పల్లెలన్నిటి స్త్రీల సమాజంలో అందరి డబ్బాలూ ఒక్కచోట గుమ్మరించి అమ్ముతారు, ఆ సొమ్ము దేవుడి పనికి. రెబ్కా లాయరైన ఏడు ఆ సొమ్ము ఆమె కోటుకిచ్చారు. పాస్టరు క్రీస్తుదాసయ్యగారు కోటు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. వచ్చిన అందరి మొహాలూ రెబ్కాకి గుర్తులేవు, చాలామంది వచ్చారు. ఫైల్లో సఫూరా అనే పేరు చూసినా, ఏ సఫూరానో అనుకుంది. అలాంటి పేర్లు ఆ పల్లెల్లో ఇంటికొకటి.

సఫూరా కోటు గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసింది. గట్టి గుడ్డే తెచ్చారంది. మాట్లాడుతూనే పోయింది. ప్రభుత్వం లాయరు గారట, పొద్దున ఓ నిమిషం కనపడి పేరు అడిగి వెళ్ళిపోయాడట. రాత్రంతా భయమేసిందట. ఇప్పుడు నల్లకోటులో మన పిల్లని చూసేసరికి ప్రాణం లేచొచ్చిందట. నువ్వుండావని ముందే తెలిస్తే పచ్చడన్నా పట్టుకొచ్చేదాన్నే అంది. దేవుడే నిన్ను పంపాడు తల్లీ అంది.

రెబ్కా రైతు వైపు నిలబడుతుందని ఆమెకు కలలో కూడా తట్టలేదు. ఎలా తడుతుంది? ఆ కోటు తమది. తమ కోటు అటు పక్క నిలబడటమేమిటి?

అప్పుడు చెప్పాల్సింది. పిన్నీ, నేను మీ తరఫు కాదు, నాతో మాట్లాడకు అని అప్పుడే చెప్పాల్సింది. రెబ్కా నోరు తెరిచింది కూడా. ఈలోపు సఫూరా గొంతు తగ్గించి, లోపల ఏం అడిగితే ఏం చెప్పాలమ్మా, నువ్వెట్టా చెప్పమంటే అట్టా చెబుతానంది.

అయిదేళ్ళలో ఆ ఆవరణలో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, రెబ్కాని ఏం చెయ్యాలమ్మా అని అడగలేదు. సారు లేరా అనే అడిగారు. ఈమె సారు గురించి అడగలేదు. రెబ్కాకి అది ఎంత తీపిగా తగిలిందంటే, నాలుక మీదికొచ్చిన నిజం వెనక్కి పోయింది.

జరిగింది చెప్పు పిన్నీ అని నీళ్ళు నమిలి, గబగబా హాల్లోకి నడిచింది. లోపలికెళ్ళాక సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

కేసు పిలిచారు. సఫూరా బోనెక్కింది. ప్రభుత్వం లాయరు అడిగినవాటికి అన్నీ తడుముకోకుండా చెప్పింది, నీళ్ళ గ్లాసు, జుట్టు, మిరపకాయలు, తిట్టు. తిట్టు మాత్రం ముసుగు కొస నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. జడ్జిగారు రాసుకుని, క్రాస్ అన్నారు. రెబ్కా లేచింది. వెనక కుర్చీలో బాపయ్యగారు, ఆయన పక్కన త్రినాథ్. వాళ్ళ వెనక బెంచీలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ముద్దాయి రైతు.

బోనులో సఫూరా మొహం విప్పారింది. మన పిల్ల వంతు వచ్చిందనుకుంది పాపం.

“మీ పేరు సఫూరా కదా?”

“అవునమ్మా. నీకు తెల్సుగా.”

హాల్లో ఎవరో నవ్వారు. రెబ్కా తర్వాతి మాట కోసం చూసింది. ఒక్క మాట. బాప్తిస్మం. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట, ఆమె నాలుకకి అంతకన్నా అలవాటైన మాట లేదు. అది రావడం లేదు. ఎదురుగా ఆ ఎర్రటి వేళ్ళు బోను చెక్క మీద ఆనించి, అడుగమ్మా అన్నట్టు చూస్తోంది సఫూరా. ఏం అడిగినా సంతోషంగా చెప్పేసేలా ఉంది. అందుకే కదా తనని నిలబెట్టింది! వెనకనుంచి బాపయ్యగారు మెల్లిగా దగ్గాడు. క్రాస్ ఉందా లేదా అమ్మా అని జడ్జిగారు తలెత్తారు.

రెబ్కా కాగితం మడిచింది.

“ఉందండి. నేను చెయ్యలేను. ఈ సాక్షి బయట నన్ను చూసి తన లాయరనుకుని మాట్లాడింది. కాదని నేను చెప్పలేదు. చెప్పకపోవడం నాదే తప్పు. ముద్దాయి తరఫు వకాల్తా నుంచి తప్పుకుంటున్నాను, మెమో ఇస్తానండి.”

ఆ గొంతు హాలు చివరి బెంచీ దాకా వినపడింది. ముద్దాయి త్రినాథ్ భుజం తట్టి, ఏందిది అని అడుగుతున్నాడు. బాపయ్యగారు లేచాడు. ఆయన మొహంలో కోపం లేదు, అది ఇంకా ఘోరం. పెంచుకున్న కుక్క కరిచినంత ఆశ్చర్యం ఉంది. జూనియరు అనుభవం లేక కంగారుపడిందండి, నేను కొనసాగిస్తాను అన్నాడు.

రెబ్కా పక్కకి జరిగి గోడకి ఆనుకుంది. సఫూరా చూపు ఆమె మీద నుంచి కదల్లేదు. ముందు అర్థం కాలేదు, తర్వాత కొంచెం కొంచెంగా అర్థమైంది. నవ్వు పోయింది. మనిషి పోల్చుకోలేనంతగా మారిపోయింది.

“నువ్వు బాప్తిస్మం తీసుకున్నావా అమ్మా?” అన్నాడు బాపయ్యగారు, ఎంతో మర్యాదగా.

ప్రశ్న అటువైపు నుంచి వచ్చిందని ఇప్పుడు సఫూరాకి తెలుసు. రెబ్కా ఊరికే కంగారుపడలేదని కూడా తెలిసిపోయింది. ఆ ప్రశ్న ఎందుకో పల్లెలో పసిపిల్లనడిగినా చెబుతుంది, సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాళ్ళూ ఆ జవాబు నేర్చుకునే ఎక్కుతారు. లేదండి, అంటే చాలు. చర్చికి అప్పుడప్పుడూ చూడ్డానికి పోతానండి, అంటే చాలు. కేసు నిలబడుతుంది.

లేదని చెప్పు పిన్నీ, అనుకుంది రెబ్కా. లాయరై ఉండి, కోర్టు హాల్లో నిలబడి, సాక్షి అబద్ధమాడాలని ప్రార్థన చేసింది. గోళ్ళు అరచేతిలోకి దిగేలా పిడికిళ్ళు బిగించి మరీ చేసింది. ఒక్కసారికి చెప్పు. దేవుడేమీ అనుకోడు. చెప్పు.

సఫూరా నెత్తి మీద ముసుగు సరిచేసుకుంది.

“తీసుకున్నానండి. పదిహేనో ఏట, గుండ్లకమ్మలో ముంచారు. ఆదివారం ఎప్పుడూ మానలేదు.”

జడ్జిగారు రాసుకున్నారు. బాపయ్యగారు కూర్చున్నాడు. ప్రభుత్వం లాయరు ఫోన్‌లోంచి తలెత్తి, అడిగేదేం లేదన్నాడు. అంతే, అయిపోయింది. రెబ్కా ఆ రోజే మెమో రాసి బెంచి క్లర్కుకిచ్చింది. బయటికొస్తుంటే త్రినాథ్ ఎదురై, నీ ఫైళ్ళు, డబ్బా సాయంత్రం పట్టుకెళ్ళమన్నారు సారు అని చెప్పాడు. తినడానికి తెచ్చుకున్న డబ్బా సంగతి సైతం మర్చిపోలేదన్నమాట. రెబ్కాకి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

సఫూరా కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది. బస్సుకి ఇంకా టైముంది కాబోలు. రెబ్కా పోయి ఒక మెట్టు కింద కూర్చుంది. కేసు పోద్దా అని అడిగింది సఫూరా. పోవచ్చు పిన్నీ అంది రెబ్కా. అయితే ఇప్పుడు మా వైపు రా మరి, అంది సఫూరా. కుదరదు, ఆ కాగితం మీద ఒకసారి సంతకం పెట్టాక ఈ కేసులో మీ వైపు నిలబడకూడదు, అది రూలు, అంది రెబ్కా. చెబుతుంటే ఆమె మాట ఆమెకే వినబుద్ధి కాలేదు. కోటు విప్పి మడిచి, సఫూరా పక్కన పెట్టింది.

సఫూరా దాన్ని ముట్టుకోలేదు.

“ఆ బోనులో నువ్వుంటే ఏం చెప్పేదానివి?”

“నన్నెప్పుడో అడిగారు పిన్నీ. లా సీటప్పుడు, తాసిల్దారు ఆఫీసులో. హిందువునని చెప్పా.”

“తెల్సు. నువ్వు చెప్పనని ఏడ్చావంట, మీ అమ్మ వచ్చి సమాజంలో చెప్పింది. చెప్పమన్నది మేమే. అందరం కూర్చుని అనుకున్నాం, ఒక్కపిల్లన్నా లోపలికి పోవాలని.” సఫూరా ఎండలోకి చూసింది. “ఆ పూట నాకు ముద్ద దిగలా. పసిపిల్ల చేత చెప్పించామే అని. అందుకే ఇవాళ నావల్ల కాలా.”

రెబ్కా అప్పుడు ఏడ్చింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని తెలుసు, ఆడలాయరు ఏడుస్తోందని రేపు బార్‌లో చెప్పుకుంటారనీ తెలుసు. చెప్పుకోనీ అనుకుంది. అయిదేళ్ళ కాగితం కప్పులూ, జిరాక్సు మిషనూ, తాసిల్దారు ఆఫీసూ, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి.

సఫూరా ఆమె కళ్ళు తుడవబోయి, చెయ్యి మధ్యలోనే ఆపి, తన వేళ్ళు చూసుకుంది.

“నా చేత్తో తుడవకూడదమ్మా, కారం చేతులు,” అంది. కోటు తీసి రెబ్కా ఒళ్ళో పెట్టింది. “దీంతో నువ్వే తుడుచుకో.”